నిజాంపేట ఫ్లాటు: వాల్యూయర్ రాసిన 74 లక్షలా, బ్రోకరు చెప్పిన 92 లక్షలా?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. 2016లో హైదరాబాదు నిజాంపేటలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో 1,200 చదరపు అడుగుల కొత్త ఫ్లాటు 48 లక్షలకు కొన్నారు. దస్తావేజులో మీ స్థలం వాటా 46 గజాలు. ఇంటి అప్పును మరో బ్యాంకుకు మార్చుకుంటూ అదనంగా 12 లక్షలు అడిగితే, వాళ్లు పంపిన వాల్యూయర్ ఇంటి విలువ 74 లక్షలని రాశాడు. మీ పై అంతస్తు ఫ్లాటు 92 లక్షలకు అమ్ముడైందట. మీ తమ్ముడు అదే సంవత్సరం ఊరి బయట కొన్న ఖాళీ స్థలం నాలుగింతలైంది. వాల్యూయర్ తప్పు లెక్క వేశాడా, అసలు కొన్న తరువాత ఇంటి విలువ దేన్నిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. వాల్యూయర్ లెక్క పెద్దగా తప్పినట్టు లేదు. మీరు కొన్నది ఒక వస్తువు కాదు, రెండు. ఒకటి నేల, రెండోది దాని మీది కట్టడం. నేల పెరుగుతుంది, కట్టడం ఏటేటా తరుగుతుంది. మీ ఫ్లాటు విలువ ఈ రెండింటి మధ్య జరిగే తూకం. మీ తమ్ముడు కొన్నది మొత్తం నేలే కాబట్టి ఆయనకు తరుగు లేదు. 92 లక్షలు మాత్రం, ఆ అమ్మకం దస్తావేజు కళ్లతో చూసేవరకు కబురే తప్ప ధర కాదు.

నేను సివిల్ ఇంజనీరును. ఇరవై రెండేళ్లుగా బ్యాంకుల తరఫున ఇళ్లకు విలువ కట్టడమే నా పని. మొదటి పదేళ్లు విజయవాడ, గుంటూరు వైపు, ఆ తరువాత ఎక్కువగా హైదరాబాదులో. మీ ఇల్లు నేను చూడలేదు. కాబట్టి కింద వేసే గజం ధరలు, కట్టుబడి ఖర్చులు లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంచనాలు. మీ వీధి ధరలు పెట్టుకుని మీరే మళ్లీ వేసుకోవచ్చు.

మీ 48 లక్షలు ఎక్కడికి వెళ్లాయి

2016లో మీ వీధిలో గజం 45 వేలు అనుకుందాం. 46 గజాలకు 20.7 లక్షలు. కట్టుబడికి అడుగుకు 1,600 చొప్పున 1,200 అడుగులకు 19.2 లక్షలు. రెండూ కలిపితే 39.9 లక్షలు. మిగిలిన ఎనిమిది లక్షల పైచిలుకు బిల్డరు లాభం, పార్కింగ్, కరెంటు, నీటి డిపాజిట్ల వంటి వాటికి పోయింది. కొత్త ఫ్లాటు తాళం చేతికి వచ్చిన మర్నాడే అమ్మాలనుకుంటే కొన్న ధర రాకపోవడానికి కారణం ఈ ఎనిమిది లక్షలే. బిల్డరు లాభాన్ని మీ తరువాత కొనేవాడు మళ్లీ మీకు ఇవ్వడు. మార్కెట్ రెండు మూడేళ్లు పెరిగి ఆ గుంట పూడ్చాలి. 2016లో మార్కెట్ మీకు అనుకూలంగానే ఉంది కాబట్టి మీకది తెలియలేదు.

ఇప్పటి లెక్క. గజం 1,05,000 అనుకుంటే 46 గజాలకు 48.3 లక్షలు. కట్టుబడి ఈరోజు మళ్లీ కట్టాలంటే అడుగుకు 2,200, అంటే 26.4 లక్షలు. కానీ మీ కట్టడానికి తొమ్మిదేళ్లు. కాంక్రీటు ఫ్రేము కట్టడానికి మేం సాధారణంగా అరవై ఏళ్ల ఆయుష్షు వేసుకుంటాం, చివరికి పది శాతం పాత సామాను విలువ మిగులుతుందనుకుంటాం. మిగిలిన తొంభై శాతాన్ని అరవైతో భాగిస్తే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. తొమ్మిదేళ్లకు పదమూడున్నర శాతం. 26.4 లక్షల్లో అది తీసేస్తే 22.8 లక్షలు. నేల, కట్టడం కలిపి 71.1. పార్కింగ్, లిఫ్టు, జనరేటరు వాటాగా మూడు లక్షలు. మొత్తం 74 లక్షల చిల్లర. మీ వాల్యూయర్ కూడా ఇలాంటి దారిలోనే వచ్చి, చుట్టుపక్కల అమ్మకాలతో సరిచూసుకుని ఉంటాడని నా ఊహ.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. కట్టడం 19.2 లక్షల నుంచి 22.8కి పెరిగినట్టు కనిపిస్తోంది కదా. అది మీ గోడల గొప్పతనం కాదు. ఇనుము, సిమెంటు, మేస్త్రీ కూలి పెరిగాయి. ఆ ధరలు 2016లోనే ఆగిపోయి ఉంటే మీ కట్టడం ఈరోజు 16.6 లక్షలే. నిజంగా పెరిగింది నేల మాత్రమే: 20.7 నుంచి 48.3కి, రెండింతల పైన. మీ తమ్ముడికి నాలుగింతలైంది, మీకు రెండింతలు దాటింది, కానీ మీది సిమెంటుతో కలిసిపోయింది కాబట్టి మొత్తం మీద ఒకటిన్నర రెట్లుగా కనిపిస్తోంది. పైగా ఊరి బయట స్థలాలు తక్కువ ధర దగ్గర మొదలవుతాయి. గజం అయిదు వేలున్నది ఇరవై కావడం, లక్ష ఉన్నది నాలుగు లక్షలు కావడం ఒకటి కాదు.

అందుకే నేను ఏ ఫ్లాటు దస్తావేజు చేతికి వచ్చినా ముందు చూసేది అవిభాజ్య వాటా గజాలు, అంటే అపార్ట్‌మెంటు మొత్తం స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే వాటా. చదరపు అడుగుల సంగతి తరువాత. చాలామంది కొనుగోలుదారులకు తమ వాటా ఎన్ని గజాలో తెలియదు. టైల్సు ఏ కంపెనీవో మాత్రం తెలుసు.

పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో వెయ్యి అడుగులకు నలభై, యాభై గజాలు వస్తాయి. పశ్చిమాన కొత్తగా లేస్తున్న ముప్పై అయిదు, నలభై అంతస్తుల టవర్లలో 1,800 అడుగుల ఫ్లాటుకు పాతిక గజాలు కూడా రానివి నేను చూశాను. 2006 నాటి జీవో 86 తరువాత హైదరాబాదులో ఇంత స్థలానికి ఇంతే నిర్మాణమనే పరిమితి లేకుండా పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే పైకి వెళ్లిపోవచ్చు. 2023 ఆగస్టులో అక్కడే కోకాపేట నియోపోలిస్ అనే లేఅవుట్‌లో ప్రభుత్వం పెట్టిన వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది. అప్పట్లో అది పెద్ద వార్త. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం సుమారు 2.08 లక్షలు. ఆ ధరకు కూడా పాతిక గజాల విలువ 52 లక్షలే. ఫ్లాటు కోటీ అరవై లక్షలనుకుంటే మిగిలిన కోటికి పైగా కట్టడం, సౌకర్యాలు, లాభం. ఈత కొలను, క్లబ్బు హౌసు, ఆరు లిఫ్టులు కొత్తలో ధరను పెంచుతాయి. పదిహేనేళ్లకు అవే నెలవారీ మెయింటెనెన్సును పెంచి, అడిగే ధరను తగ్గిస్తాయి. పైగా పక్కనే ఇంకో టవరు లేవకుండా ఆపేదేమీ లేదు. అది లేచిన రోజు మీది పాత టవరు. నాకు టవర్ల మీద కోపం లేదు, మా అమ్మాయి ఉండేది అలాంటి దాంట్లోనే. అక్కడ ఉండే సుఖానికి డబ్బు కడుతున్నామని తెలిసి కొంటే చాలు.

దీనికి రెండో చివర ఇంకో దృశ్యం. ఒక పాత కాలనీలో 1987లో కట్టిన ఇంటికి విలువ కట్టాను. 240 గజాల స్థలం, టేకు తలుపులు, నల్లటి కడప రాయి మెట్లు, పెరట్లో మామిడి. యజమాని పెద్దాయన, విశ్రాంత ఉపాధ్యాయుడు. గోడ మీద చెయ్యి వేసి, "ఈ గోడకు ఎంత వేశారు బాబూ?" అని అడిగారు. కట్టడానికి నేను కాగితం మీద కొంత రాశాను గానీ, కొనేవాడు మాత్రం సున్నా వేశాడు. కొనేవాడికి కావలసింది స్థలం. ఇంటిని కూల్చేవాళ్లే తలుపులు, కిటికీలు, ఇనుము కోసం ఎదురు డబ్బిచ్చి కూల్చుకుపోయారు. అయినా ఆ పెద్దాయన కొన్నప్పటి ధరతో చూస్తే వచ్చిన సొమ్ము ఎన్నో రెట్లు. అదంతా నేల.

బ్యాంకు ఇంజనీరు మీ ఇంట్లో పది నిమిషాలు ఏం చూస్తాడు

వాల్యూయర్ వచ్చి గబగబా ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడని మీరు రాశారు. నిజమే, మేం ఎక్కువసేపు ఉండం. కానీ మంచి వాల్యూయర్ ఫ్లాటులోకి రాకముందే సగం పని ముగించి ఉంటాడు.

నేను ముందు సెల్లారులోకి దిగుతాను. స్తంభాల అడుగున ప్లాస్టరు ఉబ్బి ఉందా, గీటుగీటుగా పగిలిందా చూస్తాను. అనుమానం వచ్చిన చోట రూపాయి బిళ్లతో కొడతాను. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల కడ్డీ తుప్పు పట్టి విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. తరువాత తల పైకెత్తి స్లాబు అడుగు చూస్తాను. సంపు పైన, బాత్‌రూముల గొట్టాలు దిగే చోట తెల్లటి ఉప్పు మరకలుంటే పై ఫ్లాట్లలో నీరు కారుతోందన్నమాట. ఆ తరువాత వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి ట్యాంకర్ల నోటుపుస్తకం అడుగుతాను. ప్రతి అపార్ట్‌మెంటులోనూ అదొకటి ఉంటుంది. తేదీ, ట్యాంకరు పరిమాణం, ఎదురుగా వంకర సంతకం. ఏప్రిల్, మే పేజీలు తిప్పితే సంగతి తెలిసిపోతుంది. మీ పేటలోనే ఒక అపార్ట్‌మెంటు పుస్తకంలో మే నెలలో రోజుకు రెండు ట్యాంకర్లు చూశాను. రెండు వీధుల అవతల ఇంకో దాంట్లో ఆ నెల మొత్తానికి నాలుగే. ఒకే సంవత్సరం కట్టినవి, ఒకే రకం ఫ్లాట్లు. రెండింటి మధ్య అడుగుకు మూడు నాలుగు వందల తేడా ఉంది. బోరు ఎండిన అపార్ట్‌మెంటును ఈశాన్యం వాకిలి కూడా కాపాడలేదు.

వాకిలి మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. తూర్పు, ఉత్తరం వాకిళ్లు త్వరగా అమ్ముడవుతాయి, దక్షిణం వాకిలి ఫ్లాటు బేరం లాగుతుంది. నమ్మినా నమ్మకపోయినా కొనేవాళ్లలో ఎక్కువమంది నమ్ముతారు, వాళ్ల నమ్మకం మన ధర. నా నివేదికలో వాస్తుకు ప్రత్యేకంగా మార్కులు వెయ్యను గానీ, చుట్టుపక్కల అమ్మకాల్లో అది ఎలాగూ కలిసే ఉంటుంది.

ఫ్లాటు లోపల మీరు చేయించిన వాటి గురించి ఆశ పెట్టుకోవద్దు. ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ వంటగది, పూజగది తలుపు చెక్కడం, ఇవన్నీ అమ్మకాన్ని తొందరపెడతాయి తప్ప పెట్టిన డబ్బు తిరిగి తేవు. ఆరు లక్షలు పెట్టి చేయించిన కొయ్య పనికి ఎనిమిదేళ్ల తరువాత కొనేవాడు లక్ష ఇస్తే గొప్ప. ఆయన భార్యకు ఆ రంగు నచ్చకపోతే అదీ లేదు. డబ్బు తిరిగి వచ్చే పనులు కంటికి కనపడనివి: బాత్‌రూములకు నీరు కారకుండా మందు వేయించడం, పాత ఇనుప గొట్టాలు మార్చడం, అందరూ కలిసి డాబా మీద వాటర్‌ప్రూఫింగు చేయించడం, లిఫ్టు బాగు చేయించడం, బయటి గోడలకు రంగు. మీ సంఘం సమావేశాల్లో వీటి మీద పోట్లాడేవారే మీ ఇంటి విలువ కాపాడుతున్నవారు. మీరూ ఒకసారి వెళ్లండి.

కాగితాల మీది విలువ

కాగితాల లోపం గోడ పగులుకంటే ఖరీదైనది. నేను చూసిన ఒక కేసులో అయిదంతస్తులకు అనుమతి తీసుకుని ఆరో అంతస్తు వేశారు. ఆ ఆరో అంతస్తులో పెంట్‌హౌసు కొన్నతను అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టి అందంగా చేయించుకున్నాడు. అమ్మబోతే ఏ బ్యాంకూ అప్పు ఇవ్వనంది. అప్పు రాని ఇంటికి కొనేవాళ్లు పదిమందిలో ఇద్దరే మిగులుతారు, వాళ్లూ నగదు ఉన్నవాళ్లు, బేరం తెలిసినవాళ్లు. కింది ఫ్లాట్ల ధరకంటే మూడో వంతు తక్కువకు వదులుకున్నాడు. ఇంకో సంగతి, అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం భాగాన్ని పురపాలక సంస్థ తనకు తనఖాగా రాయించుకుంటుంది. కట్టడం సక్రమంగా పూర్తయిందని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తుంది. మీ ఫ్లాటు ఆ తనఖా భాగంలో పడిందేమో, విడుదల పత్రం ఉందో లేదో ఇప్పుడే చూసి ఫైలులో పెట్టుకోండి. అమ్మే వారంలో వెతకడం మొదలుపెడితే కొనేవాడు ఆగడు.

పెరుగుదల ఏటా సమానంగా రాదు

ఇల్లు కొంటే ఏటా పది శాతం పెరుగుతుందని ఎవరైనా అంటే మర్యాదగా తల ఊపి వచ్చేయండి. స్థలాల ధరలు మెట్లలా పెరుగుతాయి. కొన్నేళ్లు కదలవు, ఒక్కసారిగా ఎగిరి మళ్లీ కూర్చుంటాయి. హైదరాబాదులో 2008 నాటి ఆర్థిక మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, ఆ డిసెంబరు నుంచి రాష్ట్ర విభజనపై అనిశ్చితి. దాదాపు అయిదేళ్లు ధరలు నిద్రపోయాయి. 2008లో కొన్నవాళ్లు 2013లోనూ అదే ధర చెప్పుకునేవారు. 2014లో విభజన తేలిపోయాక కదలిక మొదలైంది. మీరు 2016లో కొన్నారు కాబట్టి మెట్టు ఎక్కుతున్న సమయంలో పడ్డారు. అదే ఫ్లాటును 2008లో కొన్న మనిషి ఇదే తొమ్మిదేళ్ల తరువాత లెక్క చూసుకుంటే మీ అంత సంతోషంగా ఉండడు.

దీనికంటే పెద్ద పాఠం నాకు కృష్ణా నది అటువైపు దొరికింది. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో తాడేపల్లి, మంగళగిరి చుట్టుపక్కల గజం ధర వారానికో మాట. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. అప్పుడు ధర తగ్గిందని అందరూ అంటారు. దగ్గరుండి చూసినవాడిగా నాది కొంచెం వేరే మాట. అక్కడ ధర కంటే ముందు మాయమైంది కొనేవాడు. నెలల తరబడి అమ్మకాలే లేకపోతే విలువ కట్టడానికి నాకు ఆధారమేది? ఒక కుటుంబం కూతురి చదువు కోసం 2021లో స్థలం అమ్మాల్సి వచ్చింది, కొన్న ధరకంటే బాగా తక్కువకు ఇచ్చేశారు. ఆగగలిగిన పొరుగువాళ్లు 2024 జూన్ తరువాత మళ్లీ ముందటి ధరలు చూశారు. ఇద్దరి స్థలమూ ఒకటే. తేడా, ఒకరికి డబ్బు ఎప్పుడు కావాలో ముందే నిర్ణయమైపోయింది. ఇల్లు లేదా స్థలం మీద ఉన్న డబ్బుకు తేదీ పెట్టకూడదని నేను అందరికీ చెప్పేది అందుకే.

నీటి సంగతి విడిగా చెప్పాలి. 2016 సెప్టెంబరు వానలకు మీ పక్కనే భండారి లేఅవుట్ మునిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ తరువాత అక్కడ ఒక ఇల్లు చూడటానికి వెళితే, గోడ మీద ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత ఇంకా కనిపిస్తోంది. యజమాని దాని మీద రెండు పూతలు రంగు వేయించారు, గీత మళ్లీ బయటికి వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్లు అడుగుల లెక్క అడగడం లేదు, "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడుగుతున్నారు. ఈ ప్రశ్న కొన్నేళ్లపాటు పోదు. కింది అంతస్తుకు, పై అంతస్తుకు ధరలో తేడా పెరుగుతుంది. మళ్లీ రెండు మూడు వానాకాలాలు ప్రశాంతంగా గడిస్తే మరిచిపోతారు కూడా. మన జనం జ్ఞాపకం అంతే.

మెట్రో, ఫ్లైఓవరు వస్తే పెరుగుతుందా అంటే, పెరుగుతుంది, కానీ వార్త వచ్చినప్పుడే సగం పెరిగిపోతుంది. రైలు నడిచే నాటికి కొన్నవాడు ఆ సగానికి ముందే డబ్బు కట్టి ఉంటాడు. స్టేషనుకు అయిదారు నిమిషాల నడక దూరం మంచిది. సరిగ్గా పిల్లరు ఎదురుగా ఉన్న బాల్కనీ కాదు.

మరి 92 లక్షలు?

మూడు సంగతులు కనుక్కోండి. ఆ ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిందా, లేక అడిగిన ధరా? అందులో ఏసీలు, మంచాలు, వంటగది సామాను కలిసి ఉన్నాయా? రెండు పార్కింగులా, మూల ఫ్లాటా, మీకంటే ఎక్కువ గజాలా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీ అపార్ట్‌మెంటు మీద ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే ఎవరు ఎప్పుడు అమ్మారో, దస్తావేజులో ఎంత రాశారో కనిపిస్తుంది. ఆ అంకె అసలు ధరకంటే తక్కువ ఉండొచ్చు, మన దగ్గర ఆ అలవాటు ఉన్నదే. అయినా బ్రోకరు మాటకంటే నయం.

నేను వాడే ఇంకో తూనిక అద్దె. అద్దెలో అబద్ధం తక్కువ. మీ ఫ్లాటును అద్దెకిస్తే నెలకు 24 వేలు వస్తుందని రాశారు. ఏడాదికి 2.88 లక్షలు. 74 లక్షల మీద అది 3.9 శాతం, 92 మీద 3.1 శాతం. నేను చూసే మామూలు ఫ్లాట్లలో ఇది మూడుకూ నాలుగుకూ మధ్య ఉంటుంది. కాబట్టి 92 అసాధ్యం కాదు, ఇష్టపడి వచ్చిన ఒక కొనుగోలుదారు ఇవ్వొచ్చు. బ్యాంకు మాత్రం ఆ ఒక్కడిని నమ్ముకుని అప్పు ఇవ్వదు. మేం నివేదికలో సాధారణంగా మూడు అంకెలు రాస్తాం: మార్కెట్ విలువ, తొందరలో అమ్మితే వచ్చే విలువ, ప్రభుత్వ విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించేది). ఈ మూడోదానికీ మార్కెట్‌కూ చుట్టరికం తక్కువ. తెలంగాణలో దాన్ని 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో సవరించారు. ఆ రెండు రోజుల్లో మీ ఇంటి అసలు ధర మాత్రం రూపాయి కదలలేదు.

మీకు నిజంగా మిగిలిందెంత

ఇది చాలామంది వెయ్యని లెక్క. 48 నుంచి 74 అంటే ఏడాదికి దాదాపు 4.9 శాతం చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్‌కు అప్పట్లో ఆరు శాతం ఉండేది (ఇప్పుడు ఏడున్నర), కొయ్య పనికి అయిదు లక్షలు వేస్తే మీ అసలు పెట్టుబడి 56 దగ్గర. అప్పుడు పెరుగుదల మూడు శాతం పైచిలుకే. ధరల పెరుగుదలను ఆదాయపు పన్ను శాఖ సూచీతోనే కొలుద్దాం: 2016-17లో అది 264, 2025-26లో 376. ఆ లెక్కన అప్పటి 48 లక్షలు ఇప్పటి 68.4 లక్షలతో సమానం. అంటే 74లో 68 దాకా రూపాయి పలచబడటమే.

నిరాశపడకండి, ఇంకో వైపు ఉంది. తొమ్మిదేళ్లు మీరు అద్దె కట్టలేదు. సగటున నెలకు 20 వేలు వేసుకుంటే 21.6 లక్షలు. అందులో మెయింటెనెన్సు, ఇంటి పన్ను పోగా పదిహేడు, పద్దెనిమిది లక్షలు మీ జేబులో మిగిలాయి. ఇల్లు పెరిగిన విలువ చెప్పేటప్పుడు దీన్ని మరిచిపోతారు, తమ్ముడి స్థలంతో పోల్చేటప్పుడు మరీ మరిచిపోతారు. ఆయన స్థలం అద్దె ఇవ్వలేదు, వాన పడితే తల దాచుకోనివ్వలేదు, ఎవరైనా కంచె జరిపారేమోనని ఆదివారాలు వెళ్లి చూసుకునే పని మాత్రం పెట్టి ఉంటుంది.

అప్పు లెక్క: 38 లక్షలు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 34,190. తొమ్మిదేళ్లలో మీరు కట్టింది 36.9 లక్షలు, అందులో అసలు తీరింది 9.4 లక్షలే. ఇంకా 28.6 లక్షలు బాకీ. ఇల్లు 74 అయినా మీ సొంతం 45 లక్షల చిల్లర. మొదట్లో మీరు చేతి నుంచి పెట్టింది పది లక్షలు.

అమ్మితే పన్ను. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి మీకు రెండు దారులున్నాయి: కొన్న ధరను పై సూచీతో పెంచుకుని, మిగిలిన లాభం మీద 20 శాతం, లేదా సూచీ లేకుండా 12.5 శాతం. 74కు అమ్మితే మొదటి దారిలో సుమారు 1.13 లక్షలు, రెండో దారిలో 3.25 లక్షలు, సెస్సు అదనం. మీ ఇంటికి పాత దారే మేలు. అయితే ఇది దస్తావేజులో 48 లక్షలూ రాసి ఉంటేనే. అప్పట్లో 30 రాసి మిగిలింది చేతికిచ్చి ఉంటే, పన్ను శాఖకు మీరు కొన్నది 30కే. ఆ రోజు రిజిస్ట్రేషన్‌లో ఆదా చేసిన లక్ష, ఈరోజు అంతకు మించి వసూలు చేసుకుంటుంది. ఇంకో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది, దానికి మంచి ఆడిటరును పట్టుకోండి, నా పని అక్కడిదాకా రాదు.

ఇప్పుడు మీరు చేయవలసింది

మీకు కావలసింది 12 లక్షలు. 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి రుణాలకు విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. 74లో 80 శాతం 59 లక్షలు. పాత బాకీ 28.6, కొత్తది 12 కలిపినా 41 దాటదు. అదనపు అప్పుకు బ్యాంకు ఇంకా తక్కువ శాతం దగ్గర ఆగినా మీ పని జరుగుతుంది, మీ జీతం సరిపోతే చాలు. కాబట్టి 92 కోసం వాల్యూయర్‌తో గొడవ పడటం అనవసరం.

కానీ ఒక పని మాత్రం చేయండి. నివేదిక నకలు అడిగి తీసుకోండి. కట్టిన సంవత్సరం, చదరపు అడుగులు, గజాలు, ఈ మూడు మీ దస్తావేజుతో పోల్చండి. కొన్నేళ్ల కిందట నేనే ఒక నివేదికలో 52 గజాలను 25గా టైపు చేశాను. ఆ ఇంటావిడ దస్తావేజు పట్టుకుని నా ఆఫీసుకు వచ్చి, బల్ల మీద పరిచి, ఆ అంకె మీద వేలు పెట్టి ఊరుకున్నారు. మీ నివేదికలో 46 బదులు 40 పడి ఉంటే, పైన వేసుకున్న గజం ధరకు అది ఆరు లక్షల ముప్పై వేల తేడా.